తెలుగులో చెప్పాం, ఒడియాలో ఇంకోలా రాశారు. సంతకం పెట్టేశాక ఇక అంతేనా?

టిఫిన్‌బండి_కూతురు
మాది ఒడిశాలోని బరంపురం. నాన్నకు అరవై నాలుగేళ్లు. బస్టాండు వైపు రాత్రిపూట ఇడ్లీ, పెసరట్టు బండి పెడతారు, ఇరవై రెండేళ్లుగా. పోయిన నెల ఒక రాత్రి పదిన్నర దాటాక గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ బండి తీసేయమన్నాడు. పెనం ఇంకా కాలుతోంది, చల్లారనివ్వండి బాబూ అన్నారు నాన్న. ఆ మాటకే లాఠీ లేచింది. నాన్న ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది.

మర్నాడు పొద్దున్న చేతికి కట్టుతోనే స్టేషన్‌కి వెళ్లాం. ఏ స్టేషనో ఇక్కడ రాయను. నేను తెలుగులో ఒకటిన్నర పేజీ రాసి తీసుకెళ్లాను. అక్కడున్నాయన కాగితం తిప్పి చూసి "ఇది చెల్లదు, ఒడియాలో రాయించుకు రండి" అని వెనక్కి ఇచ్చేశాడు. నాన్న ఒడియా గడగడా మాట్లాడతారు, చదవడం రాదు. నాదీ కూడబలుక్కోవడమే. చివరికి అక్కడే కూర్చున్న ఒకాయన "చెప్పండి, నేను రాసిపెడతాను" అన్నాడు. నాన్న చెప్పారు, ఆయన రాశాడు, నాన్న కింద తెలుగులో సంతకం పెట్టారు. ఎవరూ చదివి వినిపించలేదు.

కాపీ కోసం నాలుగుసార్లు తిరిగితే పన్నెండో రోజున ఇచ్చారు. మా పక్కింటి అమ్మాయి కాలేజీలో ఒడియా చదువుతోంది. తను చదివి ఏమీ అనకుండా నా మొహంకేసి చూసింది. నాన్న చెప్పింది "మాడ మారిలా" అని. కొట్టాడు అని. కాగితంలో ఉన్నది "ధస్తాధస్తి". తోపులాట. దాని కింద రెండు లైన్ల తర్వాత "ఖసి పడి". జారిపడి చెయ్యి విరిగిందట! పైగా అది ఎఫ్ఐఆర్ కూడా కాదు, స్టేషన్ డైరీలో ఒక ఎంట్రీ నంబరు వేసి ఊరుకున్నారు.

"మళ్లీ అక్కడే బండి పెట్టుకోవాలి, వదిలేయమ్మా" అంటున్నారు నాన్న. నాకు నిద్ర పట్టట్లేదు. సంతకం మాదే కదా. ఇంకేమైనా చేయొచ్చా?

బరంపురం_బుల్లోడు
చదువుతుంటే ఒళ్లు మండిపోయింది చెల్లీ. మీ నాన్నగారి బండి దగ్గర ఎన్ని రాత్రులు తిన్నానో. అల్లం చట్నీ ఆయనదే కదా?

టిఫిన్‌బండి_కూతురు
అవునన్నా. ఆయనే.

ఊరికే_చూస్తున్నా
నా మాట విని రాజీ అయిపోండి. పోలీసులతో పెట్టుకుని బాగుపడ్డవాళ్లు లేరు. బండి ఇంకో సందులో పెట్టుకోమనండి.

జయపురం_జానకి
పైన రాసినాయన అన్నది భయంతో అన్నమాట. నాకు అర్థమవుతుంది గానీ ఒప్పుకోను. చెయ్యి విరిగింది అరవై నాలుగేళ్ల మనిషికి. సందు మారిస్తే ఎముక అతుక్కుంటుందా?

వకీల్_రాయగడ
అమ్మా, సంతకం పెట్టారు కాబట్టి అంతా అయిపోయిందనుకోకండి. మొట్టమొదట ఒక మాట చెప్పండి. ఆ రాత్రి ఆసుపత్రికి వెళ్లారా? చీటీ ఉందా? ఏ టైముకి?

టిఫిన్‌బండి_కూతురు
వెళ్లాం సార్. ఓపీ చీటీ ఉంది, 11.40 అని టైము పడింది. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే నాన్న పోలీసు కొట్టాడనే చెప్పారు. చీటీ మీద చిన్న అక్షరాలతో "హెచ్ ఓ అసాల్ట్" అని ఉంది, అంటే కొట్టడం వల్ల తగిలిందని. ఎక్స్‌రే కూడా ఉంది.

వకీల్_రాయగడ
ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచండి. స్టేషన్ కాగితం కంటే ముందు రాత్రి, మీ నాన్నగారి నోటి మాట విని ఒక డాక్టరు రాసింది అది. "జారిపడ్డాడు" అన్న మాటకి అదే జవాబు.

ఇక చట్టం సంగతి. 2024 జులై 1 నుంచి, పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అందులో 173వ సెక్షన్ ఏమంటుందంటే, నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకోవాలి, రాసింది చెప్పినవాళ్లకి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. పన్నెండు రోజులు తిప్పడం అందులో లేదు. ఎముక విరగ్గొట్టడం పాత ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 116 కింద తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ల వరకూ శిక్ష పడే నేరం. ఇలాంటి నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది. డైరీ ఎంట్రీతో సరిపెట్టడానికి లేదు.

స్టేషన్ వాళ్లు కట్టకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపొచ్చు, అదే సెక్షన్ 4వ ఉపసెక్షన్. బరంపురం పోలీసు జిల్లాకి వేరే ఎస్పీ ఉన్నారు, ఛత్రపురంలో ఉండే గంజాం ఎస్పీకి పంపి టైము పోగొట్టుకోకండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి, 175వ సెక్షన్. అవతలివాడు ప్రభుత్వోద్యోగి, డ్యూటీలో జరిగింది కాబట్టి 175(4) కింద పై అధికారి రిపోర్టు తెప్పించుకుని, అతను చెప్పుకునేది కూడా చూశాకే మేజిస్ట్రేటు దర్యాప్తుకి ఆర్డరు వేస్తారు. ఆలస్యం అవుతుంది. ముందే చెబుతున్నాను, నిరాశ పడకండి.

ఖాకీ_ఇంటి_కోడలు
నేను కానిస్టేబుల్ భార్యని. ఇక్కడ అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా ఆయన పోయిన రథయాత్రకి పూరీ బందోబస్తుకి వెళ్లి పదకొండు రోజులు ఇంటి మొహం చూడలేదు. వచ్చిన రోజు రాత్రే గస్తీ. వారంలో ఒకరోజు సెలవు అనేది పేరుకే. నిద్రలేని మనిషి చేతిలో లాఠీ ఉంటే ఏమవుతుందో పైనున్నవాళ్లు ఆలోచించరు. కొట్టడం తప్పు, నేను కాదనను. కానీ ఖాకీ వేసుకున్న ప్రతివాడూ రాక్షసుడు కాదు.

బరంపురం_బుల్లోడు
నిద్ర లేకపోతే కొట్టడం అనుకుందాం. మరి మర్నాడు పొద్దున్న బాగా నిద్రపోయి వచ్చినాయన "కొట్టాడు"ని "జారిపడ్డాడు" అని ఎందుకు రాశాడు వదినా? దానికి అలసట కారణం కాదు కదా.

ఖాకీ_ఇంటి_కోడలు
ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అది తప్పే. మా ఆయన్ని అడిగాను ఇప్పుడే. చదివి వినిపించకుండా తను ఎవరి సంతకమూ తీసుకోనన్నాడు. తెలుగువాళ్లు వస్తే బయట టీ కొట్టు అబ్బాయిని పిలిచి చెప్పిస్తాడట.

పర్లాకిమిడి_మాస్టారు
కోడలమ్మ నిజాయితీకి నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటే ఉండిపోయింది. అప్పటినుంచీ మనవాళ్లకి ఇంట్లో ఒక భాష, కాగితం మీద ఒక భాష. కరెంటు బిల్లు దగ్గరైతే ఎవరో ఒకరు చదివిపెడతారు, నష్టం లేదు. పోలీసు స్టేషన్లో అలా కుదరదు. అక్కడ ఒక్క మాట అటూ ఇటూ అయితే దెబ్బ తిన్నవాడే తగాదాకోరు అవుతాడు.

"తెలుగు కాగితం చెల్లదు" అన్న మాట తప్పు. రాజ్యాంగం 350వ అధికరణం చూడండి. తన కష్టం చెప్పుకోవడానికి ఎవరైనా, ఏ అధికారికైనా, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చు. బరంపురంలో తెలుగు వాడుకలో లేదని ఎవరనగలరు? మీ ఒకటిన్నర పేజీ తెలుగు కాగితం ఉందా, పారేశారా?

టిఫిన్‌బండి_కూతురు
ఉంది మాస్టారూ. మడత పెట్టి నాన్న మందుల డబ్బాలో పెట్టాను. ఈ 350 సంగతి నాకు అసలు తెలియదు.

పర్లాకిమిడి_మాస్టారు
భద్రంగా ఉంచండి. ఎస్పీకి పంపేటప్పుడు ఆ తెలుగు కాగితం జెరాక్సు తప్పకుండా జతచేయండి. మీ నాన్నగారి మాట ఆయన మాటగా ఉన్నది అందులోనే.

ఇచ్ఛాపురం_రైలు
నాకో డౌటు. ఇచ్ఛాపురం బరంపురానికి ఎంతో దూరం లేదు, స్టేషన్లో రాసేది తెలుగే. అక్కడ ఫిర్యాదు ఇస్తే తీసుకోరా?

వకీల్_రాయగడ
తీసుకోవాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలని 173(1)లోనే ఉంది. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కి పంపిస్తారు. దర్యాప్తు మళ్లీ బరంపురమే వస్తుంది, ఆ తలనొప్పి తప్పదు. కానీ మొదటి కాగితం తెలుగులో ఉంటుంది. తర్వాత ఎవరు ఎలా అనువాదం చేసినా అసలుతో పోల్చి చూపించొచ్చు. మంచి ఆలోచన మీది. నాకు ముందు తట్టలేదు.

జయపురం_జానకి
ఇది చదివి మా తమ్ముడి కేసు గుర్తొచ్చి చెయ్యి వణుకుతోంది. ఠాకురాణి జాతర ఊరేగింపులో కుర్రాళ్లు కొట్టుకుంటే, పక్కన చూస్తున్న మావాణ్ణీ జీపెక్కించారు. రెండు రాత్రులు ఉంచారు. మేం వెళ్లి అడిగితే "ఇక్కడ లేడు" అన్నారు. మా అమ్మ మాత్రం గుమ్మం దగ్గర వాడి చెప్పులు చూసింది. బొటనవేలి దగ్గర నీలం దారంతో తనే కుట్టిన చెప్పులు. ఆ చెప్పులు చూపించి అక్కడే కూలబడింది. అప్పుడు వదిలారు. ఏ పుస్తకంలోనూ వాడి పేరు లేదు.

వకీల్_రాయగడ
ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అది రాజ్యాంగంలోనే ఉంది. అరెస్టు చేస్తే మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం ఉండాలి, అయినవాళ్లకి కబురు చెయ్యాలి. ఇవి 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు. రెండు రాత్రులు పేరు లేకుండా ఉంచడం అక్రమ నిర్బంధం.

మల్కనగిరి_మిత్ర
పట్టణంలో ఉన్న మీరు ఇంత చెబుతున్నారు. మా చిత్రకొండ వైపు కథ వేరు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ జవాన్ల పడవ మీద మావోయిస్టులు దాడి చేశారు, ముప్పై మందికి పైగా పోయారు. ఆ కుటుంబాల ఏడుపు నేను మర్చిపోలేదు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి, జలాశయం నీళ్లు దారి తెంచేసిన కట్‌ఆఫ్ ఏరియాలో ప్రతి ఇల్లూ అనుమానమే. వీళ్లొస్తే వాళ్లకి అన్నం పెట్టావంటారు, వాళ్లొస్తే వీళ్లకి దారి చూపావంటారు. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక కాస్త ఊపిరి ఆడింది.

సిరొంచ_శీను
మల్కనగిరి అన్నా, మాదీ అదే బతుకు. గడ్చిరోలి జిల్లా సిరొంచ, నది దాటితే కాళేశ్వరం. ఇక్కడ కాగితం మరాఠీ. అయితే మాకు ఒక సౌకర్యం ఉంది. ఊరికి పోలీస్ పాటిల్ అని ఒకరుంటారు, 1967 చట్టం ప్రకారం. మా ఊరి పాటిల్ తెలుగాయనే. ఫిర్యాదు ఇవ్వాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని పోతాం, మరాఠీలో రాసింది తెలుగులో మళ్లీ చెప్పించుకున్నాకే వేలిముద్ర. కానీ ఆ పని చేసేవాడికీ ప్రాణభయమే. మా జిల్లాలో ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి పోలీస్ పాటిళ్లను నక్సలైట్లు చంపిన ఊళ్లున్నాయి.

కొరాపుట్_కాఫీ
కొటియా వాళ్లని అడగండి. పొట్టంగి దగ్గర ఇరవై ఒక్క ఊళ్లు, ఒడిశావా ఆంధ్రవా తేలలేదు. రెండు రాష్ట్రాల పోలీసులూ వచ్చి ఎదురెదురుగా నిలబడిన రోజులున్నాయి. మా చుట్టాల పెద్దాయన ఒకాయన అంటాడు, "ఓట్లప్పుడు ఇద్దరూ వస్తారు, కొట్లాటైతే ఒక్కడూ రాడు" అని.

ఊరికే_చూస్తున్నా
అందరూ చట్టాలు చెబుతున్నారు. పోలీసు మీద గెలిచిన సామాన్యుడు ఒక్కడు, ఒడిశాలో, చూపించండి.

పర్లాకిమిడి_మాస్టారు
చూపిస్తాను. మీరు రాజీ అన్న దగ్గరనుంచీ ఇది రాయాలనే అనుకుంటున్నాను.

సుందర్‌గఢ్ జిల్లా జరైకెలా పోలీసు ఔట్‌పోస్టు. 1987 డిసెంబరు 1 పొద్దున్న సుమన్ బెహెరా అనే ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి దొంగతనం కేసులో ఇంటినుంచి తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. పోలీసులు ఏమన్నారో తెలుసా? కట్టేసిన తాడు పళ్లతో కొరికి తెల్లవారుజామున మూడింటికి పారిపోయాడనీ, రైలు గుద్దేసిందనీ. కొరికిన తాడు ముక్క కూడా చూపించారు.

ఆ తల్లి పేరు నీలాబతి బెహెరా. 1988 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. ఉత్తరమే! కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. జిల్లా జడ్జి చేత విచారణ చేయించింది. ఒంటి మీద గాయాలు లాఠీ లాంటి దానితో కొడితే అయ్యేవని డాక్టరు సాక్ష్యం. 1993 మార్చి 24న తీర్పు వచ్చింది. పోలీసుల కథ నమ్మలేదు. ఆ తల్లికి లక్షా యాభై వేలు పరిహారం ఇమ్మని రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది. కొడుకు తిరిగి రాడు, నిజమే. కానీ పోలీసుల చేతిలో ప్రాణం పోతే ప్రభుత్వం పరిహారం కట్టాలని ఈ రోజుకీ దేశమంతా కోర్టుల్లో ఆ తల్లి పేరే చెబుతారు. మన ఒడిశా తల్లి.

ఊరికే_చూస్తున్నా
మాస్టారూ, నాకు ఇది తెలియదు. రాజీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

జయపురం_జానకి
మూడుసార్లు చదివాను. మా అమ్మకి చదివి వినిపించాను.

బరంపురం_బుల్లోడు
ఇంకోటి. 2024 సెప్టెంబరులో భువనేశ్వర్ భరత్‌పూర్ స్టేషన్ గొడవ గుర్తుందా? ఆర్మీ అధికారినీ ఆయనకి కాబోయే భార్యనీ స్టేషన్లో హింసించారన్న ఆరోపణ. అయిదుగురిని సస్పెండ్ చేశారు, విచారణ కమిషన్ వేశారు. ఆ స్టేషన్లో సీసీటీవీయే లేదు! ఆర్మీ అధికారి గనక దేశమంతా మాట్లాడింది. బండివాడికి ఎవరు మాట్లాడతారు?

వకీల్_రాయగడ
సీసీటీవీ మాట ఎత్తారు, మంచిదైంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు, మాట కూడా రికార్డయ్యేలా ఉండాలంది. పద్దెనిమిది నెలలు దాచాలి, అంత వీలయ్యే పరికరం దొరక్కపోతే కనీసం ఏడాది. అమ్మా, కొట్టింది బస్టాండు దగ్గర కావచ్చు, కాగితం రాసింది స్టేషన్లోనే కదా. ఎవరూ చదివి వినిపించలేదన్నది కెమెరాలో ఉండాలి. ఆ పొద్దున్న ఫుటేజీ చెరపవద్దని ఎస్పీకి రాసే ఫిర్యాదులోనే అడగండి. సమాచార హక్కు కింద కూడా వేయండి, ఒడిశాలో ఫారం-ఏ, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు.

ఇంకో సంగతి. మీ నాన్నగారికి అరవై దాటాయి. విచారణ పేరుతో ఆయన్ని స్టేషన్‌కి రమ్మనడానికి లేదు, 179 ప్రకారం వాళ్లే ఇంటికి రావాలి. మానవ హక్కుల సంఘానికి కూడా ఏడాదిలోపు రాసుకోవచ్చు, ఫీజు లేదు. లాయరుకి డబ్బు లేకపోతే 15100కి ఫోను చేయండి, న్యాయసేవాధికార సంస్థది.

పెన్నూ_పెనమూ
బండి లైసెన్సు ఉందా? వీధి వ్యాపారుల చట్టం 2014లో 27వ సెక్షన్ ఉంది. సర్టిఫికెట్ ప్రకారం అమ్ముకుంటున్నవాళ్లని పోలీసైనా ఇంకెవరైనా వేధించకూడదు.

టిఫిన్‌బండి_కూతురు
మున్సిపల్ కార్పొరేషన్ కార్డు ఉంది. అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాన్నకి నీలాబతి గారి సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కాగితం ఇటు ఇయ్యి, నా మాట నేనే చెబుతాను, నువ్వు రాయి" అన్నారు.

బరంపురం_బుల్లోడు
శభాష్!

ఖాకీ_ఇంటి_కోడలు
చెల్లీ, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపు. చేతికిస్తే రసీదు సంగతి మర్చిపోతారు. ఈ మాట నేను చెప్పానని ఎవరికీ చెప్పకు.

టిఫిన్‌బండి_కూతురు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

తెలుగులో ఒక ప్రతి, పక్కింటి అమ్మాయి రాసిన ఒడియా ప్రతి, ఓపీ చీటీ, ఎక్స్‌రే జెరాక్సులు కలిపి ఎస్పీ ఆఫీసుకి పంపాం. పదహారో రోజున ఇద్దరు ఇంటికి వచ్చారు, ఒక ఇన్‌స్పెక్టరు, ఒక లేడీ ఎస్సై. నాన్నని మంచం మీద కూర్చోమని వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. నాన్న చెప్పారు, ఆవిడ రాశారు. రాశాక నేను అడక్కముందే నాన్న అన్నారు, "చదవండమ్మా, వింటాను."

ఆవిడ మెల్లగా చదివారు. ఒకచోట "ధక్కా" అని వచ్చింది. నాన్న కుడిచెయ్యి ఎత్తి ఆపారు. "ధక్కా కాదమ్మా. మాడ. లాఠీతో మాడ." ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. ఆయన తల ఊపాడు. ఆవిడ ఆ మాట కొట్టేసి పైన "లాఠీరె మాడ" అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. నాన్న చేత కూడా పెట్టించారు. అప్పుడు కింద పూర్తి సంతకం, తెలుగులో.

ఎఫ్ఐఆర్ ఇంకా కట్టలేదు. ఆ కానిస్టేబుల్ అదే డ్యూటీలో ఉన్నాడు, మొన్న బండి ముందు నుంచే వెళ్లాడు. ఫుటేజీ గురించి ఆర్టీఐకి జవాబు రాలేదు. సోమవారం కలెక్టరూ ఎస్పీ కలిసి వినే గ్రీవెన్స్‌లో మళ్లీ ఇద్దామని వకీల్ గారు అన్నారు.

పర్లాకిమిడి_మాస్టారు
సోమవారం ఎన్నింటికి? నేను పొద్దున్న బస్సుకి బయల్దేరితే అందుకుంటాను. నా ఒడియా చదువు బాగానే ఉంటుంది, ఏ కాగితమైనా పక్కన కూర్చుని చదివిపెడతాను.

జయపురం_జానకి
మా తమ్ముణ్ణి తీసుకుని నేనూ వస్తాను. వాడి కాగితం కూడా ఇప్పుడు రాస్తున్నాం.

టిఫిన్‌బండి_కూతురు
పదింటికల్లా రండి. ముందు రాత్రే పప్పు నానబెడతానంటున్నారు నాన్న.